షుగర్ చూసేటప్పుడు చేయి కూడా తిప్పి చూడండి

సంపాదకులు గారికి,
నమస్కారం.

ఈమధ్య మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ఒక పాఠకురాలి ప్రశ్న చదివాను. ఆమెకు యాభై దాటాయి. షుగర్ ఉంది. కొన్ని నెలలుగా కుడి భుజం నొప్పి. రాత్రి ఆ వైపు ఒత్తిగిలి పడుకోలేకపోతున్నారు. జడ వేసుకోవడానికి చేయి వెనక్కి పోవడం లేదు. దానికి వచ్చిన జవాబు మూడు ముక్కలు: విశ్రాంతి తీసుకోండి, బరువులు ఎత్తకండి, తగ్గకపోతే డాక్టరును కలవండి. ఇందులో తప్పు మాట ఏదీ లేదు. కానీ ఆమె జబ్బు ఏమిటో, ఎందుకు వచ్చిందో, ఇప్పుడు ఏ దశలో ఉందో ఆ నాలుగు వాక్యాల ప్రశ్నలోనే దాదాపుగా తెలిసిపోతోంది. అది ఎవరూ విడమరిచి చెప్పకపోతే ఆమె ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని నొప్పి తగ్గే రోజు కోసం ఎదురుచూస్తారు. ఇంకొన్ని నెలలకు ఆ చేయి భుజం ఎత్తుకు కూడా లేవని స్థితికి వస్తుంది. అలా వచ్చిన వాళ్లను నేను వారం వారం చూస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవుగా రాస్తున్నాను, మన్నించండి.

నేను పల్నాడు జిల్లా సత్తెనపల్లిలో ఫిజియోథెరపిస్టును. బస్టాండుకు దగ్గరలో రెండు గదుల చిన్న క్లినిక్. మిరప కోతలకు పోయే ఆడవాళ్లు, పత్తికి మందు కొట్టడానికి భుజాన తైవాన్ పంపు తగిలించుకునే రైతులు, గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోసే ముఠా కూలీలు, పెయింటర్లు, టైలర్లు, రిటైరైన టీచర్లు, ఎక్కువగా నా దగ్గరికి వచ్చేది వీళ్లే. చాలామంది రెక్కాడితే గాని డొక్కాడని మనుషులు. కాలు నొప్పి ఉన్నా కూర్చుని చేసే పని ఏదో ఒకటి దొరుకుతుంది. జబ్బ పట్టేస్తే కూలి పోతుంది, వంట ఆగుతుంది, చంటిపిల్లను ఎత్తుకోవడం, తల దువ్వుకోవడం కూడా ఇంకొకరి మీద పడుతుంది. ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ నా గదిలో కళ్లనీళ్లు పెట్టుకున్నది నొప్పికి కాదు. జాకెట్ హుక్స్ పెట్టడానికి రోజూ కోడలిని పిలవాల్సి వస్తోందని, ఆ అమ్మాయి ఆఫీసుకు వెళ్లే హడావుడిలో ఉన్నప్పుడు పిలవలేక గది తలుపు దగ్గరే నిలబడిపోతున్నానని చెప్పి ఏడ్చారు. ఎక్స్‌రేలో ఇవేవీ కనబడవు. ఆమె తెచ్చిన ఎక్స్‌రే మీద ‘నార్మల్’ అని ఉంది.

భుజం నొప్పి అనగానే మనవాళ్లు వాతం అంటారు, నరం పట్టేసిందంటారు, గుజ్జు అరిగిందంటారు. అన్ని భుజాలకూ ఒకటే మాత్ర, ఒకటే పూత, ఒకటే కాపడం. అసలు చిక్కు ఇక్కడే ఉంది. భుజం నొప్పి అనేది ఒక జబ్బు పేరు కాదు. కనీసం నాలుగైదు వేర్వేరు జబ్బులు అదే చోట అదే నొప్పిగా బయటపడతాయి. ఒకదానికి పనికొచ్చే వైద్యం ఇంకొకదానికి పనికిరాదు, కొన్నిసార్లు హాని కూడా చేస్తుంది.

భుజం కీలు కట్టుబాటు ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను. తుంటి కీలులో తొడ ఎముక తల లోతైన గుంటలో కూర్చుని ఉంటుంది. భుజంలో ఆ లోతు లేదు. దండచేతి ఎముక తల పెద్దది, రెక్క ఎముక అంచున దానికి దొరికిన గుంట చిన్నది. చిన్న పళ్లెంలో బత్తాయి పండు పెట్టినట్టు ఉంటుంది ఆ అమరిక. ఆ వెసులుబాటు వల్లే ఒంట్లో మరే కీలూ తిరగనన్ని వైపులకు భుజం తిరుగుతుంది. దాన్ని జారకుండా పట్టి ఉంచేది ప్రధానంగా నాలుగు చిన్న కండరాలు. వాటి చివర ఎముకకు అతుక్కుని ఉండే గట్టి పట్టీలు, అంటే డాక్టర్లు టెండన్లు అనేవి, కలిసి ఎముక తలను చుట్టూ కప్పి పట్టుకుంటాయి. వీటినే రొటేటర్ కఫ్ అంటారు. వాటి లోపల, కీలును మొత్తం చుట్టి ఒక పొర సంచి ఉంటుంది, దాని పేరు క్యాప్సూల్. చేయి నిలువుగా పైకెత్తితే 180 డిగ్రీలు. అందులో సుమారు 120 డిగ్రీలు కీలు తిరగడం వల్ల, మిగతా 60 రెక్క ఎముక వీపు మీద జరగడం వల్ల వస్తుంది. కాబట్టి భుజాన్ని చూసే మనిషి రోగి వీపు చూడకుండా చీటీ రాయకూడదని నా గట్టి అభిప్రాయం.

నా దగ్గరికి వచ్చిన వారిని కూర్చోబెట్టి నేను మొదట అడిగేది ఒకటే. రెండు మోచేతులూ పక్కటెముకలకు ఆనించి, మోచేతి దగ్గర చేతులు మడిచి, అరచేతులు ఎదురెదురుగా పెట్టమంటాను. మోచేతులు కదలకుండా రెండు అరచేతులనూ బయటికి తెరవమంటాను, రెండు తలుపు రెక్కలూ తెరిచినట్టు. బాగున్న చేయి హాయిగా తెరుచుకుంటుంది. పట్టేసిన చేయి కొద్ది దూరం పోయి ఆగిపోతుంది. అప్పుడు మనిషికి తెలియకుండానే నడుము ఆ వైపుకు తిరుగుతుంది, మోచేయి పక్కటెముకల నుంచి జారి దూరం జరుగుతుంది, ముఖంలో ఒక వైపు ముడత పడుతుంది. తర్వాత వారిని చేయి వదిలేయమని చెప్పి, అదే కదలికను నేను నా చేత్తో చేసి చూస్తాను. నేను తిప్పినా తిరగకపోతే పట్టేసింది కీలు సంచి. వారు ఎత్తలేకపోయినా నా చేత్తో పూర్తిగా లేస్తే కీలు బాగానే ఉంది, దెబ్బతిన్నది కండరమో టెండనో. ఇంతసేపూ యంత్రం ఏదీ వాడలేదు, నిమిషం కంటే ఎక్కువ కాలేదు. దీనికి ఖర్చు లేదు. మందుల షాపులో చీటీ లేకుండా మాత్రలు కొనుక్కుని నెలలు గడిపిన మనిషికి ఆ నిమిషమే ఇన్నాళ్లూ దొరకలేదు.

మీ పాఠకురాలి విషయానికి వస్తాను. యాభై దాటిన ఆడమనిషి, షుగర్, రాత్రి నొప్పి, చేయి వెనక్కి పోకపోవడం. ఎక్స్‌రే తీసి ఎముకలో వేరే లోపం లేదని తేల్చుకున్నాక ఇది చాలావరకు ఫ్రోజెన్ షోల్డర్ అయి ఉంటుంది. మన డాక్టర్ల చీటీల్లో దీన్నే పి.ఎ. షోల్డర్ (పెరిఆర్థ్రైటిస్) అని రాస్తారు. ఆ పొర సంచి లోపల వాచి, తర్వాత మందంగా, బిగుతుగా మారి ముడుచుకుపోతుంది. 40 నుంచి 60 ఏళ్ల మధ్య ఎక్కువ, మగవారికంటే ఆడవారిలో కొంచెం ఎక్కువ. సాధారణ జనంలో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి వస్తుందని పుస్తకాలు చెబుతాయి. షుగర్ ఉన్నవారిలో అది నూటికి పది, ఇరవై మంది దాకా పోతుంది. థైరాయిడ్ సమస్య ఉన్నవారికీ ముప్పు ఎక్కువే. షుగర్ చాలాకాలం అదుపులో లేకపోతే ఒంట్లోని కొల్లాజెన్ పోగులు చక్కెరతో అతుక్కుని గట్టిపడతాయి. భుజం సంచి కూడా ఆ పోగులతో తయారైందే.

ఈ జబ్బు మూడు దశల్లో నడుస్తుంది. మొదటి దశలో నొప్పి ఎక్కువ, బిగుతు మెల్లగా పెరుగుతుంది. రెండో దశలో నొప్పి కొంత తగ్గి, బిగుతు పూర్తిగా మిగులుతుంది. మూడో దశలో చేయి కొద్దికొద్దిగా వదులవుతుంది. మొత్తం ఏడాది నుంచి మూడేళ్లు పడుతుంది, కొందరికి కొంత బిగుతు మిగిలిపోతుంది కూడా. ‘దానంతట అదే తగ్గుతుందిలే’ అనే మాట ఇక్కడి నుంచే పుట్టింది. మూడేళ్లు ఓపిక పట్టమని మిరప కోతకు పోయే మనిషికి చెప్పగలమా? షుగర్ ఉన్నవారికి అది మరీ మొండిగా ఉంటుంది. ఒక భుజం తేరుకున్నాక రెండోది పట్టేసిన వాళ్లను కూడా చూశాను.

దశను బట్టి వైద్యం మారుతుందని గట్టిగా చెప్పాలి. మొదటి దశలో నొప్పి ఎర్రగా మండుతున్నప్పుడు చేయి పట్టుకుని బలవంతంగా లాగితే వాపు పెరుగుతుంది, రోగి రాత్రంతా నిద్రపోడు, మర్నాడు ఫిజియోథెరపీ పేరెత్తితే దణ్ణం పెడతాడు. ‘వాళ్లు చేయి విరిచేస్తారు’ అని ఊళ్లలో మా వృత్తి మీద ఉన్న భయానికి ఇదొక కారణం. ఈ దశలో చేయాల్సింది నొప్పి తగ్గించడం, ఉన్న కదలిక పోకుండా కాపాడుకోవడం. డాక్టరు చూసి కీలులోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే కొన్ని వారాలు నొప్పి బాగా తగ్గుతుంది, ఆ సమయంలో వ్యాయామం సాగుతుంది. స్టెరాయిడ్ అనగానే బెదిరిపోయి వద్దనేవారు ఉన్నారు; సరైన సమయంలో ఒకటి వేయించుకుంటే మేలే. ఒక జాగ్రత్త: షుగర్ ఉన్నవారికి ఆ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, కాబట్టి ముందే డాక్టరుకు చెప్పి రోజూ చూసుకోవాలి. నొప్పి మాత్రలు నెలల తరబడి మింగడం మాత్రం షుగర్ ఉన్నవారు అసలు చేయకూడదు, అసలే ఒత్తిడిలో ఉన్న కిడ్నీల మీద ఆ భారం కూడా పడుతుంది.

ఇక రెండో రకం భుజం, టెండన్ దెబ్బతిన్నది. యార్డులో పనిచేసే ఒక ముఠా కూలీ ఎమ్మారై కాగితం పట్టుకుని వచ్చాడు. నలభై దాటిన మనిషి. ‘భుజం లోపల చిరిగిందంట మేడమ్, ఇక మూట ముట్టుకోవద్దన్నారు, ఆపరేషన్ అన్నారు’ అని కూర్చున్నాడు. చేయి పక్కకు ఎత్తమంటే కొంతదూరం బాగానే వచ్చి, 60 నుంచి 120 డిగ్రీల మధ్య నొప్పితో వణికి, దాటాక మళ్లీ తేలికగా పైకి పోయింది. నేను ఎత్తితే పూర్తిగా లేచింది. బలం కొంత తగ్గింది గానీ పోలేదు. కిందపడింది లేదు, ఒక్కసారిగా చేయి పడిపోయింది లేదు. వయసు పెరిగేకొద్దీ ఈ టెండన్లలో చిన్న చిరుగులు నొప్పే లేని మనుషుల్లోనూ కనబడతాయి, తలనెరిసినంత మామూలుగా. కాగితం మీద చిరుగు ఉందంటే నొప్పి దాని వల్లేనని ఖాయం కాదు.

అతనికి మూట మానమని నేను చెప్పలేదు. చెప్పినా మానలేడు, ఇంట్లో ముగ్గురు తినాలి. టిక్కీ పైకి విసిరే పని కొన్నాళ్లు తోటివాళ్లకు వదిలి, వీపు మీద మోసే పని మాత్రం చేయమన్నాను. ముఠా మేస్త్రీతో ఫోన్లో నేనే మాట్లాడాను. పాత సైకిలు ట్యూబును పొడవుగా కోసి కిటికీ ఊచకు కట్టి, మోచేయి పక్కకు ఆనించి బయటికి లాగడం, లోపలికి లాగడం, రెండు రెక్కలూ వెనక్కి దగ్గర చేయడం నేర్పాను. మొదట మెత్తని ట్యూబు, తర్వాత రెండు పొరలు. టెండన్ బలపడటానికి వారాలు సరిపోవు, నెలలు పడుతుంది. మూడు నెలల లోపల వదిలేయొద్దని ఇంటివాళ్లకు కూడా చెప్పాను. అతను వ్యాయామం మానలేదు, ఆపరేషన్ అవసరం రాలేదు. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. వయసులో ఉన్న మనిషి బండి మీంచి పడి అప్పటికప్పుడు చేయి ఎత్తలేకపోతే అది వేరే సంగతి, ఆలస్యం చేయకుండా ఎముకల సర్జన్ దగ్గరికి వెళ్లాలి. ట్యూబులు కట్టుకుని కాలం గడపకూడదు.

భుజంలో నొప్పి ఉన్నా జబ్బు భుజంలో లేని సందర్భాలు కూడా ఉన్నాయి. నడిస్తేనో మెట్లెక్కితేనో ఎడమ భుజం, దవడ, చేయి లాగి, చెమటలు పట్టి, ఆయాసం వస్తే అది గుండె కావచ్చు. ఫిజియోథెరపీకి కాదు, వెంటనే ఆస్పత్రికి పోవాలి. షుగర్ ఉన్నవారికి గుండె నొప్పి ఛాతీలో తెలియకుండా ఇలా కూడా రావచ్చు. నొప్పి మెడ నుంచి మొదలై మోచేయి దాటి వేళ్ల దాకా తిమ్మిరిగా పోతుంటే మెడ నరం చూడాలి. పిత్తాశయం నొప్పి కుడి రెక్క దగ్గర పొడుస్తుంది. జ్వరం, బరువు తగ్గడం, రాత్రీ పగలూ తేడా లేకుండా ఒకే తీరు నొప్పి, పొగతాగే అలవాటు, క్షయ ఉన్న ఇల్లు... వీటిలో ఏది విన్నా నేను చేయి ముట్టుకునే ముందే డాక్టరు దగ్గరికి పంపుతాను. పక్షవాతం వచ్చిన మనిషి భుజం ఇంకో పెద్ద విషయం. మంచం మీంచి లేపడానికి పిల్లలు ప్రేమగానే ఆ పడిపోయిన చేయి పట్టుకుని లాగుతారు. పట్టి ఉంచే కండరాలకు పట్టులేని ఆ కీలు జారుతుంది, నొప్పి మొదలవుతుంది. దయచేసి ఆ చేయి పట్టుకునిగానీ చంక కింద పట్టుకునిగానీ లాగకుండా, వీపు వెనక నుంచి రెక్క ఎముకకు ఆసరా ఇచ్చి లేపండి. మీరు ఇంకేమీ వేయకపోయినా ఈ ఒక్క వాక్యం పెద్దక్షరాల్లో వేయండి.

ఇప్పుడు మా వృత్తి గురించి రాయాలి, రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. ఫిజియోథెరపీ అంటే జనానికి ‘కరెంటు పెట్టించుకోవడం’. వచ్చీ రాగానే ‘ఎన్ని రోజులు కరెంటు పెట్టాలి?’ అని అడుగుతారు. నా గదిలోనూ ఆ యంత్రాలు ఉన్నాయి. కరెంటు, అల్ట్రాసౌండ్, మైనం వేడి కాసేపు నొప్పిని చల్లబరుస్తాయి, ఒళ్లు వదులవుతుంది. అంతవరకే వాటి పని. బిగిసిన సంచిని సాగదీసేది, టెండన్‌ను బలపరిచేది కదలికే. యంత్రం కింద పడుకోబెట్టి, పావుగంటకు బెల్లు మోగగానే లేపి, డబ్బు తీసుకుని పంపితే ఆ మనిషి పది రోజులు తిరిగీ తిరిగీ మానేస్తాడు. ఫీజు, ఆటో ఖర్చు, పోయిన కూలి కలిపితే ఊరి నుంచి వచ్చేవారికి అది చిన్న మొత్తం కాదు. చివరికి ‘ఫిజియోథెరపీ కూడా చేయించాం, తగ్గలేదు’ అని చెప్పుకుంటారు. వ్యాయామం నేర్పకుండా పంపిన చోట ఫిజియోథెరపీ జరగలేదని వాళ్లకు ఎవరు చెబుతారు?

మంచి సంగతి ఒకటి ఉంది. రొటేటర్ కఫ్ నొప్పి మీద బ్రిటన్‌లో 708 మందితో జరిగిన పెద్ద పరీక్ష ఫలితం 2021లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొందరికి ఫిజియోథెరపిస్టు ఆరుసార్ల దాకా కూర్చోబెట్టి వ్యాయామం చేయించారు. మిగతావారికి ఒకేసారి తీరిగ్గా కూర్చుని జబ్బు ఏమిటో వివరించి, ఇంట్లో చేసుకునే వ్యాయామం నేర్పి పంపారు. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు ఈ ఫలితం గొప్ప ఊరట. రోజూ బస్సెక్కి రాలేని మా పల్లె మనిషికి ఒక్కసారి సరిగ్గా నేర్పి పంపినా దారి ఉందన్నమాట. అయితే ఆ ఒక్కసారి తొందరపడకూడదు. చేయి పట్టి చూసి, చేయించి, మళ్లీ చేసి చూపమని అడిగి పంపాలి. ఫ్రోజెన్ షోల్డర్ మీద 503 మందితో అక్కడే జరిగిన మరో పరీక్ష 2020లో వచ్చింది. మత్తు ఇచ్చి చేయి తిప్పడం, కీహోల్ ఆపరేషన్, ఇంజెక్షన్‌తో కలిపి క్రమపద్ధతి ఫిజియోథెరపీ, ఈ మూడింటిలో ఏదీ మిగతావాటికంటే స్పష్టంగా మేలని తేలలేదు. అలాంటప్పుడు మత్తు, కోత లేని దారితో మొదలుపెట్టడమే న్యాయం.

ఆ దారి మా మండలాల్లో ఎక్కడ దొరుకుతుందన్నదే నా బాధ. మన దేశంలో షుగర్ ఉన్నవారు పది కోట్లు దాటారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో చెప్పింది. ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ చూసి రాసుకుంటున్నారు. ఎండలో తిరిగి చేస్తున్న గొప్ప పని అది. షుగర్ ఉన్నవారి కాళ్లు చూడాలని, కళ్లు చూపించాలని ఇప్పుడు చాలామందికి తెలుసు. భుజం సంగతి ఎవరూ అడగరు. నేను కోరేది అదే పుస్తకంలో ఇంకొక్క గడి. ‘జడ వేసుకోగలుగుతున్నారా, జాకెట్ హుక్స్ పెట్టుకోగలుగుతున్నారా’ అని ఆడవారిని, ‘వెనక జేబులోంచి పర్సు తీయగలుగుతున్నారా’ అని మగవారిని అడగాలి. మోచేతులు పక్కకు ఆనించి అరచేతులు బయటికి తెరవమనాలి. ఒక వైపు తక్కువ తెరుచుకుంటే టిక్కు పెట్టాలి. పై ఆస్పత్రికి పంపాలి. నొప్పి మొదలైన నెలా రెండు నెలల్లో దొరికితే ఎంత తేడా ఉంటుందో నా గదిలో కూర్చుని చూస్తే తెలుస్తుంది.

పంపిన చోట చూసే మనిషి ఉండాలి. వృద్ధుల ఆరోగ్యం కోసం కేంద్రం 2010లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమంలోనే ఫిజియోథెరపీ, పునరావాస సేవలు ఉన్నాయి. అవి జిల్లా ఆస్పత్రి గేటు దాటి బయటికి రావాలి. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒక ఫిజియోథెరపిస్టు, వారానికి ఒక రోజు చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వెళ్లి ఒక పూట కూర్చునే ఏర్పాటు, ఇంతే అడుగుతున్నాను. యంత్రాలు కొనక్కర్లేదు. ఒక బల్ల, ఒక గోడ, ఒక కర్ర, ఒక తువ్వాలు చాలు. మా రాష్ట్రాల్లో ఏటా ఎంతోమంది పిల్లలు నాలుగేళ్లకు పైగా ఈ చదువు చదివి బయటికి వస్తున్నారు, ఆస్పత్రుల్లో చాలీచాలని జీతాలకు కుదురుకుంటున్నారు. మరోవైపు ఎక్కడో సహాయకుడిగా కొన్నాళ్లు పనిచేసి బోర్డు పెట్టుకున్నవారు పల్లెల్లో చేతులు విరుస్తున్నారు. ఫిజియోథెరపీతో సహా ఇలాంటి వృత్తులకు రిజిస్ట్రేషన్ ఉండాలని 2021లో పార్లమెంటు చట్టం చేసింది. అది పూర్తిగా అమలయ్యేలా రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చూడాలి. అప్పటిదాకా పాఠకులు చేయగలిగింది ఒకటి: చేయి అప్పగించే ముందు ‘మీరు ఏం చదివారు?’ అని అడగండి. చదివినవాళ్లు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

చివరగా ఆ పాఠకురాలికి. అమ్మా, ముందు ఎముకల డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించండి, మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష (హెచ్‌బీఏ1సీ), థైరాయిడ్ పరీక్ష చేయించండి. చేతికి జోలె కట్టుకుని కూర్చోవద్దు. రాత్రి నొప్పి లేని వైపు పడుకుని, నొప్పి ఉన్న చేయి కింద ఒక దిండు పెట్టుకోండి. వెల్లకిలా పడుకుంటే మోచేయి కింద మడత పెట్టిన దుప్పటి పెట్టండి. నిద్ర కొంత పడుతుంది. పగలు బాగున్న చేయి బల్ల మీద ఆనించి ముందుకు వంగి, నొప్పి చేయిని వేలాడేసి ముందుకీ వెనక్కీ, తర్వాత చిన్న గుండ్రంగా ఊపండి. ఇది 1930ల నుంచీ నడుస్తున్న వ్యాయామం, ఇప్పటికీ మొదటి దశలో నేను నేర్పేది ఇదే. నొప్పి కాస్త తగ్గాక గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పాకించుకుంటూ పైకి పోండి. చేరిన చోట పెన్సిలుతో గీత పెట్టి తేదీ రాయండి. వంటగదిలో టైల్స్ ఉంటే అవే కొలత. వెల్లకిలా పడుకుని చీపురు కర్ర రెండు చేతులతో పట్టుకుని, బాగున్న చేత్తో నొప్పి చేయిని మెల్లగా బయటికి నెట్టండి. వీపు వెనక తువ్వాలు పట్టుకుని లాగే వ్యాయామం ఇప్పుడే వద్దు, అది తర్వాతి దశకు. స్నానానికి వేడినీళ్లు పోసుకున్న వెంటనే చేస్తే తేలిక. వ్యాయామం తర్వాత నొప్పి కాసేపు ఉండి తగ్గితే పర్వాలేదు. మర్నాడు పొద్దుటికి కూడా అది ఎక్కువగానే ఉంటే మీరు ఎక్కువ చేశారని అర్థం, సగానికి తగ్గించండి కానీ మానకండి. ఇంటి పని పూర్తిగా ఆపకండి. అటక మీది డబ్బాలు, నిండు బిందెలు మాత్రం ఇంట్లోవాళ్లకు వదలండి. మీకు దగ్గరలో ఉన్న చదువుకున్న ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఒక్కసారైనా వెళ్లి ఇవన్నీ సరిగ్గా చేస్తున్నారో లేదో చూపించుకోండి.

సంపాదకులు గారూ, సెప్టెంబరు 8 ప్రపంచ ఫిజియోథెరపీ దినం. ఆ రోజు మీ ఆరోగ్యం పేజీలో అరచేతులు తెరిచే పరీక్షను బొమ్మతో సహా వేస్తే బాగుంటుంది. బొమ్మలు గీసే వారికి ఏ కోణం నుంచి ఎలా చూపాలో చెప్పడానికి నేను సిద్ధం. పల్నాడు, గుంటూరు ప్రాంతాల్లో ఏఎన్‌ఎంలకు ఎవరైనా శిక్షణ ఏర్పాటు చేస్తే ఆదివారాలు వచ్చి ఉచితంగా నేర్పుతాను. మా ఊళ్లో ఇద్దరు తోటి ఫిజియోథెరపిస్టులు కూడా వస్తామన్నారు.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
సత్తెనపల్లి, పల్నాడు జిల్లా.